పులికంప వచ్చిన దారి

మా బడి వెనుక ఒక చిన్న గుట్ట ఉంది. మేము చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ గుట్ట మీదికి పరుగెత్తేవాళ్లం. కాలాన్నిబట్టి తునికి పళ్లో, సారపళ్లో, ఉసిరికాయలో ఏదో ఒకటి దొరికేది. వానలు వెనకబట్టాక మా అమ్మలు, అవ్వలు అదే గుట్ట మీద దుంపలు తవ్వేవారు. ఇళ్ల కప్పుకు గడ్డి అక్కడి నుంచే వచ్చేది. ఇప్పుడు అదే బడిలో మేము పాఠాలు చెబుతున్నాం. పిల్లలు ఇప్పటికీ మధ్యాహ్నం ఆ గుట్టకే పరుగెత్తుతారు. కానీ వాళ్లు జేబుల్లో నింపుకొని వచ్చేది మిరియాల్లా నల్లగా ఉండే పులికంప పళ్లు. పైకి పోయే కాలిబాట ఆ పొదల కింద మూసుకుపోయింది. దుంపలు తవ్విన చోటు ఎక్కడో చూపించమని పిల్లలు అడిగితే, చేయి చాపి "అదిగో, ఆ పొదల లోపల" అని చెప్పవలసి వస్తోంది.

"అడవి పాడవడానికి ఆదివాసులే కారణం, పోడు కొట్టి నాశనం చేశారు" అనే మాట మన పిల్లలు చాలాచోట్ల వింటారు. ఆ మాట నిజమా కాదా అని తేల్చుకోవాలంటే ఈ ఒక్క పొద చరిత్ర చూసినా చాలు. అది మన అడవిలోకి ఎలా వచ్చింది, దాన్ని తీయడానికి వేరే చోట్ల మామూలు మనుషులు ఏం చేశారు, మనం ఏం చేయగలం అనేవి ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

పేర్లలో ఉన్న చరిత్ర

ఈ పొదను పుస్తకాల్లో లాంటానా అంటారు. మన వైపు కొన్ని ఊళ్లలో పులికంప అని, కొన్ని ఊళ్లలో తలంబ్రాల చెట్టు అని పిలుస్తారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి రంగుల పూలు ఉంటాయి కాబట్టి ఆ రెండో పేరు వచ్చి ఉంటుంది. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ఖండాల వేడి ప్రాంతాలు. 1600లలో ఐరోపా వాళ్లు దాన్ని తమ దేశాలకు తీసుకుపోయి పూలతోటల్లో పెంచారు. 1800ల తొలి దశకంలో ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనలో అది కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు చేరింది. దొరల బంగళాల చుట్టూ అందం కోసం, పొలాల చుట్టూ కంచె కోసం నాటారు. పశువులు దాన్ని తినవు. తింటే కామెర్లు వచ్చి, ఎండకు చర్మం పుండ్లు పడి జబ్బు చేస్తాయి. పశువు ముట్టని మొక్క కంచెకు పనికొస్తుందని వాళ్లు అనుకున్నారు. ఒక పెద్ద పొద ఏడాదికి పన్నెండు వేల విత్తనాల దాకా ఇవ్వగలదు. పిట్టలు ఆ పళ్లు తిని ఎక్కడ వాలితే అక్కడ విత్తనం పడుతుంది. అలా తోటలో నాటిన మొక్క తోట దాటి అడవిలోకి వచ్చింది.

రెండో మొక్క సర్కారు తుమ్మ. కొందరు ఇంగ్లీషు తుమ్మ అంటారు. ఎవరు తెచ్చారో ఆ రెండు పేర్లే చెబుతున్నాయి. మద్రాసు రాష్ట్రంలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ ఎండిన నేలల్లో వంటచెరకు కోసం దీని విత్తనాలు తెప్పించమని 1876లో ప్రభుత్వానికి రాశాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అంటే ఈ దేశంలోకి సర్కారు తుమ్మ అడుగుపెట్టిన చోటు మన తెలుగు నేలే. ఈ రోజు చెరువు గర్భాల్లో, బంజర్లలో అది లేని మైదానపు ఊరు తక్కువ.

మూడోది వయ్యారిభామ. దాన్ని 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు. అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న గోధుమల్లో దాని గింజలు కలిసి వచ్చాయని చెబుతారు. అప్పుడు దేశాన్ని ఏలుతున్న పార్టీ పేరు జనం దానికి అంటగట్టి కాంగ్రెస్ గడ్డి అన్నారు. చదువురాని మన పెద్దలు మొక్కకు పేరు పెట్టేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తుపెట్టుకున్నారు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయ మిత్రులు ఈ మూడు పేర్లతోనే పాఠం మొదలుపెట్టవచ్చు.

పొద ఒక్కటే వస్తే ఇంత కాదు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మొక్క వచ్చి రెండు వందల ఏళ్లయింది. అయినా మా అవ్వల కాలంలో గుట్ట మీద అక్కడక్కడ ఒక పొదే ఉండేది. మా కాలంలోనే అది గుట్టంతా ఎందుకు కప్పేసింది?

దీనికి జవాబు అడవి చట్టాల చరిత్రలో కొంత దొరుకుతుంది. ఇంగ్లీషు ప్రభుత్వం 1865లో ఒక అటవీ చట్టం, 1878లో మరో గట్టి చట్టం చేసింది. మద్రాసు రాష్ట్రానికి 1882లో వేరే చట్టం వచ్చింది. ఈ చట్టాలతో అడవి రిజర్వు అయింది. పోడు, మేత, వేట, అడవిలో నిప్పు అన్నీ నేరాల జాబితాలోకి పోయాయి. రైలు పట్టాలకు, ఓడలకు కలప కావలసిన ప్రభుత్వానికి నిప్పు అంటే కలపకు శత్రువు. 1860లలోనే మధ్య భారతంలో గోండులు, కోర్కూలు ఉండే బోరి అడవుల్లో కల్నల్ పియర్సన్ నిప్పును పూర్తిగా ఆపే ప్రయత్నం మొదలుపెట్టాడు. తరువాత అదే పద్ధతి దేశమంతా విధానంగా మారింది.

ఈ ఆంక్షల మీద మన పూర్వీకులు ఊరకే కూర్చోలేదు. 1879లో రంప, 1922 నుంచి 1924 వరకు గూడెం, రంప కొండలు, 1940లో ప్రాణమిచ్చిన కొమురం భీము జోడేఘాట్ పోరాటం, వీటన్నిటి వెనకా అడవి మీద హక్కు అనే విషయం ఉంది. ఈ పోరాటాలను మనం భూమి కోసం, స్వేచ్ఛ కోసం జరిగినవిగా చెప్పుకుంటాం. అది నిజం. అడవిని చూసుకునే పని మన చేతిలో నుంచి జారిపోకుండా ఉండటానికి కూడా అవి జరిగాయని కలిపి చెప్పుకోవాలి.

ఆ పని జారిపోతే ఏమవుతుందో కర్ణాటకలోని సోలిగ ఆదివాసుల అనుభవం చూపిస్తుంది. చామరాజనగర్ జిల్లాలోని బిలిగిరి రంగన కొండల్లో సోలిగలు తరతరాలుగా ఉంటున్నారు. వాళ్లు ఏటా ఎండలు ముదరకముందే నేల మీది ఎండుటాకులకు చిన్న మంట పెట్టేవారు. దాన్ని వాళ్ల భాషలో "తరగు బెంకి" అంటారు. ఆకుల పొర కాలిపోయేది, పెద్ద చెట్లకు ఏమీ అయ్యేది కాదు, కొత్త గడ్డి మొలిచేది, అప్పుడే మొలిచిన లాంటానా పిలక మాడిపోయేది. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాయి. పోడు పోయింది, మంట పోయింది, లోపలి గూడేలను బయటికి తెచ్చారు. ఆ అడవిలో పరిశోధకులు 1997లో గుర్తుపెట్టుకున్న స్థలాల్లో సగానికి తక్కువ చోట్ల లాంటానా ఉంది. 2008లో అవే స్థలాలు మళ్లీ చూస్తే ఐదింట నాలుగు చోట్ల ఉంది. సోలిగ పెద్దలు ఎప్పటి నుంచో చెబుతున్న మాట కూడా అదే: నిప్పు ఆపాక పొద పెరిగింది.

అయితే మొత్తం నేరం చట్టం మీదికే నెట్టివేయడం కూడా న్యాయం కాదు. లాంటానాను కంచెగా మన వాళ్లూ నాటారు. రోడ్లు వేసినప్పుడు, చెట్లు కొట్టి నేల బయటపెట్టినప్పుడు అది లోపలికి జరిగింది. వదిలేసిన పోడు చెలకల్లోనూ అది చేరింది. ఇంకో మాట కూడా యువకులు గుర్తుంచుకోవాలి. సోలిగలు పెట్టింది పొదలు లేని రోజుల్లో ఎండుటాకుల మీద చిన్న మంట. ఇప్పుడు ఎండిన లాంటానా డొంకకు నిప్పు పెడితే ఆ మంట చెట్ల కొమ్మల దాకా పోతుంది. పాత చెట్లు చస్తాయి. లాంటానా మాత్రం వేరు నుంచి మళ్లీ లేస్తుంది. కాబట్టి "పెద్దలు నిప్పు పెట్టేవారు కదా" అని ఇప్పుడు అగ్గిపుల్ల గీయడం ఎంతమాత్రం తగదు.

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, అంటే సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్లలో లాంటానా ఉంది. 1921 నుంచే ప్రభుత్వాలు దాన్ని తినే పురుగులను బయటి దేశాల నుంచి తెప్పించి వదిలాయి. అవి పొదను అదుపు చేయలేకపోయాయి. రెండు వందల ఏళ్ల కిందట అందం కోసం తెచ్చిన ఒక్క మొక్క ఇలా తయారైంది.

మేము చేసిన తప్పు

కొన్నేళ్ల కిందట మేము కూడా బడి గుట్టను బాగుచేయాలని పూనుకున్నాం. ఊరి యువకులు, పెద్ద తరగతుల పిల్లలు కలిసి ఒక ఆదివారం కత్తులు, గొడ్డళ్లు పట్టుకొని పోయాం. పొద్దుపోయేసరికి ఎకరం దాకా నరికేశాం. కుప్పలు వేసి కాల్చాం. ఫొటోలు దిగాం. వానలు పడ్డాక పైనుంచి వచ్చిన మొక్కలు గుంటలు తీసి నాటాం. అందరం సంతోషించాం.

మరుసటి వానాకాలానికి నరికిన ప్రతి మోడు నుంచి నాలుగైదు పిలకలు లేచాయి. బోడి నేల మీద ఎండ తగిలి కొత్త విత్తనాలు వేలల్లో మొలిచాయి. మేము నాటిన మొక్కలు ఎక్కడున్నాయో కూడా కనబడలేదు. ఒక ముసలవ్వ గుట్ట దిగువన కట్టెలు ఏరుకుంటూ మమ్మల్ని చూసి నవ్వింది. "మాస్టారూ, మీరు దానికి గుండు గీశారు. జుట్టు మళ్లీ రాదా?" అంది.

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. ఇలాంటి పని ఇంకెక్కడైనా మామూలు మనుషులు చేశారా, ఎలా చేశారు అని వెతకడం మొదలుపెట్టాం. అలా దొరికినదే ఆస్ట్రేలియాలోని ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ.

సిడ్నీ అక్కచెల్లెళ్లు

అక్క పేరు ఐలీన్ బ్రాడ్లీ, 1911లో పుట్టింది. చెల్లెలు జోన్ బ్రాడ్లీ, 1916లో పుట్టింది. సిడ్నీ నగరంలో సముద్రపు పాయ ఒడ్డున మోస్‌మన్ అనే పేటలో ఉండేవారు. అక్కడ ఇళ్ల మధ్యన కొండచరియల మీద స్థానిక చెట్లతో కొంత చిట్టడవి మిగిలి ఉంది. దాన్ని వాళ్లు "బుష్" అంటారు. ఆ చిట్టడవిలో కూడా లాంటానా ఉంది. మనకు వచ్చిన మొక్కే 1840ల ప్రాంతంలో తోటల ద్వారా అక్కడికీ చేరి, అలాగే తోట దాటింది.

ఈ అక్కచెల్లెళ్లు రోజూ ఆ చిట్టడవిలో నడిచేవారు. కలుపు పెరిగిన చోట పనివాళ్లు వచ్చి అంతా నరికి చదును చేసి పోవడం, కొంత కాలానికి అక్కడ అంతకంటే ఎక్కువ కలుపు రావడం వాళ్లు గమనించారు. మా గుట్ట మీద జరిగింది అదే. దాంతో 1960లలో వాళ్లు తమ పద్ధతిలో పని మొదలుపెట్టారు. యంత్రాలు లేవు. చిన్న చేతి పనిముట్లు, ఓపిక, రోజూ కాస్త సమయం. ఎక్కడ పీకారో, తరువాత అక్కడ ఏం మొలిచిందో జాగ్రత్తగా చూసేవారు.

వాళ్లు నేర్చుకున్నది మూడు సూత్రాలుగా చెప్పారు. మొదటిది, బాగున్న చోటి నుంచి చెడిన చోటి వైపు పని చేయాలి. కలుపు దట్టంగా ఉన్న చోట మొదలుపెట్టకూడదు. స్థానిక మొక్కలు ఇంకా బలంగా ఉన్న చోట, వాటి మధ్య ఉన్న ఒకటి రెండు కలుపు మొక్కలు తీసి, అక్కడి నుంచి మెల్లగా బయటికి జరగాలి. రెండోది, నేలను వీలైనంత తక్కువ కదిలించాలి. పీకిన చోట మట్టిని సర్ది, పైన ఉన్న ఎండుటాకులు మళ్లీ కప్పాలి. మూడోది, స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి వస్తే అంత వేగంతోనే కలుపు తీయాలి. ముందుకు ఉరికి ఎక్కువ చోటు ఖాళీ చేస్తే ఆ ఖాళీ మళ్లీ కలుపుదే అవుతుంది.

ఈ పద్ధతిలో కొత్త మొక్కలు నాటడం పెద్దగా ఉండదు. నేలలో పాత అడవి విత్తనాలు, వేళ్లు ఇంకా ఉంటాయి. వాటికి చోటు, వెలుతురు ఇస్తే అవే వస్తాయి. జోన్ 1967లో కలుపు గురించి, 1971లో చిట్టడవిని తిరిగి తెచ్చుకోవడం గురించి చిన్న పుస్తకాలు రాసింది. ఐలీన్ 1976లో, జోన్ 1982లో చనిపోయారు. జోన్ రాసిన పెద్ద పుస్తకం ఆమె పోయాక 1988లో అచ్చయింది. 1970ల నుంచే న్యూ సౌత్ వేల్స్‌లో వాళ్ల పద్ధతిని సంస్థలు అందుకున్నాయి. తరువాత పేటపేటనా "బుష్‌కేర్" పేరుతో స్వచ్ఛంద బృందాలు ఏర్పడ్డాయి. పల్లెల్లో 1986లో విక్టోరియా రాష్ట్రంలో మొదలైన "ల్యాండ్‌కేర్" ఉద్యమం 1989 నుంచి దేశమంతటి కార్యక్రమం అయింది. ఇప్పటికీ అక్కడ చదువుకునే పిల్లలు, ఉద్యోగులు, పింఛను తీసుకునే ముసలివాళ్లు కలిసి తమ ఇంటి దగ్గరి చిట్టడవిలో కలుపు తీస్తున్నారు.

ఆ నేల ఎవరిది

ఈ కథ ఇక్కడితో ఆపితే అది సగం కథే. 1788లో ఇంగ్లీషు ఓడలు సిడ్నీ తీరానికి వచ్చేసరికి మోస్‌మన్ చుట్టుపక్కల నేల బోరోగెగల్ అనే ఆదివాసీ తెగది. మరుసటి ఏడాది, 1789లో, మశూచి సోకి ఆ తీరంలోని ఆదివాసులు చాలామంది చనిపోయారు. మిగిలినవారు చెదిరిపోయారు. ఆ దేశపు ఆదివాసులు కూడా వేల ఏళ్లుగా చిన్న చల్లని మంటలతో తమ అడవిని చూసుకునేవారు. ఎప్పుడు, ఏ గాలికి, ఎంత కాల్చాలో వాళ్లకు తెలుసు. వాళ్లను తోసేశాక ఆ మంటలు ఆగిపోయాయి. తరువాత తోటల మొక్కలు లోపలికి వచ్చాయి.

అంటే సిడ్నీ కొండచరియ మీద, బిలిగిరి కొండల్లో వరుస ఒక్కటే. ముందు అడవిని చూసుకునే మనుషులను దూరం చేశారు. ఆ తరువాత ఖాళీ అయిన చోటికి కలుపు వచ్చింది. బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు చేసిన పని గొప్పది. వాళ్లు ఓపికగా నేర్చుకున్న దానిలో చాలా భాగం ఆ నేల పాత మనుషులకు ముందే తెలిసి ఉండవచ్చు. వాళ్లను అడిగే అవకాశాన్ని ఆ చరిత్రే లేకుండా చేసింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2007 నుంచి ఆదివాసీ రేంజర్లకు జీతాలిచ్చి, వాళ్ల సొంత నేలల్లోనే మంటల పని, కలుపు పని చేయిస్తోంది. అడవి కోసం పాత మనుషులను మళ్లీ పిలవవలసి వచ్చింది.

మన పరిస్థితి ఒక విషయంలో మెరుగు. మన ముసలివాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. అడగవలసిన మాట అడగడానికి మనకు ఇంకా కొంత కాలం ఉంది.

వేరు దగ్గర పని

సిడ్నీ సూత్రాలకు తోడు మన దేశంలోనే వచ్చిన ఒక పద్ధతి కూడా మాకు ఉపయోగపడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి. ఆర్. బాబు, ఆయన తోటి పరిశోధకులు లాంటానా పొదను గమనించి ఒక విషయం చెప్పారు. కాండం, వేరు కలిసే చోట నుంచే దానికి పిలకలు వస్తాయి. మట్టి కింద రెండు అంగుళాల లోతులో, ఆ చోటుకు దిగువన తల్లివేరును కోసేసి, పొదను ఎత్తి తలకిందులుగా పడేస్తే అది ఎండిపోతుంది. నేలంతా తవ్వక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక గునపం, ఒక గొడ్డలి చాలు. పళ్లు పండకముందే ఈ పని చేయాలి. తరువాత పిట్టలు వాలే చెట్ల కింద మొలిచే చిన్న మొలకలను వానాకాలంలో మట్టి మెత్తగా ఉన్నప్పుడు చేత్తో పీకుతూ ఉండాలి. ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి వచ్చేలా చూడాలి.

మేము రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు ఎకరం జోలికి పోలేదు. గుట్ట మీద ఒక మూల పాత తునికి చెట్టు, దాని కింద కాస్త గడ్డి మిగిలి ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టాం. నెలకు రెండు శనివారాలు, గంటన్నర. పొదలోకి చేయి పెట్టే ముందు కర్రతో తట్టి పాములు లేవని చూసుకోవడం మొదటి నియమం. గునపం, గొడ్డలి పని పెద్దవాళ్లది. పిల్లలకు మొలకలు పీకే పని, పుస్తకంలో రాసే పని. మొదటి ఏడాది మేము తీసిన చోటు రెండు తరగతి గదులంత కూడా లేదు. ఊళ్లో కొందరు నవ్వారు.

మూడో వానాకాలంలో ఆ చోట గడ్డి మోకాలెత్తు లేచింది. గడ్డి మధ్య ఒక తీగ మొలిచింది. అది ఏమిటో పిల్లలకు తెలియలేదు, మాలో కొందరికీ తెలియలేదు. గుండు గీశారని నవ్విన ముసలవ్వనే పిలిచాం. ఆమె ఆకు తడిమి చూసి "చేదుదుంప" అంది. దాన్ని ముక్కలు కోసి, ఉడికించి, పారే వాగునీళ్లలో ఒక రాత్రి ఉంచితేగాని తినకూడదని, ఏ కాలంలో తవ్వాలో, తవ్వాక తల భాగాన్ని మళ్లీ మట్టిలో ఎందుకు పెట్టాలో పిల్లలకు అక్కడే చెప్పింది. ఆ తీగను మేము నాటలేదు. అది ఇన్నేళ్లూ పొదల కింద నేలలోనే ఉంది. ఆ రోజు పిల్లలు నోట్‌బుక్కులో రాసుకున్న పాఠం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

కోసిన కట్టెను వృథా చేయనక్కర్లేదు. వంటచెరకుగా పనికొస్తుంది. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగలు లాంటానా కర్రలను ఉడికించి, తొక్క తీసి కుర్చీలు, బుట్టలు చేయడం నేర్చుకున్నారు. నీలగిరుల్లో ఆదివాసులు దానితో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేశారు. అవి 2021లో లండన్ పార్కుల్లో ప్రదర్శనకు నిలిచాయి. కానీ ఒక జాగ్రత్త అవసరం. కర్రకు ధర వస్తోందని పొదను కాపాడుకునే స్థితి రాకూడదు. మన లక్ష్యం అడవి.

సేవ ఎప్పుడు, వెట్టి ఎప్పుడు

"ఊరి వాళ్లే స్వచ్ఛందంగా వచ్చి అడవి బాగుచేయాలి" అని ఎవరైనా చెప్పినప్పుడు మన పెద్దలు కొంచెం అనుమానంగా చూస్తారు. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. గూడెం కొండల్లో ఘాట్ రోడ్డు పనికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనంతో కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన వాళ్లు చింతపల్లి పోలీసు స్టేషను మీదికి పోవడానికి పోడు ఆంక్షలతోపాటు ఆ వెట్టి కూడా కారణం. కాబట్టి పని మనది, నేల మాత్రం ఇంకొకరిది అంటే దాన్ని సేవ అనలేం. సిడ్నీ అక్కచెల్లెళ్లు తమ మాట చెల్లే చోట, తమ ఇష్టంతో పని చేశారు. మనకూ ఆ స్థానం ఉండాలి.

ఆ స్థానాన్ని ఇచ్చే చట్టం ఇప్పుడు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం తరతరాలుగా తాము చూసుకుంటున్న సామూహిక అటవీ వనరులను కాపాడే, తిరిగి పెంచే, నిర్వహించే హక్కు మన సమాజానికి ఉంది. సెక్షన్ 5 వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇస్తోంది. చట్టం నియమాల్లో 4(1)(ఇ) ప్రకారం ఈ పనికి గ్రామసభ తన సభ్యులతో ఒక కమిటీ వేసుకోవచ్చు. బిలిగిరి కొండల్లోని సోలిగ గ్రామసభలకు 2011లో ఈ సామూహిక హక్కు పత్రాలు వచ్చాయి. అది పులుల అభయారణ్యం అయినా వచ్చాయి. మన గూడేల్లో పోడు పట్టా అంటే అందరికీ తెలుసు. సామూహిక అటవీ వనరుల హక్కు గురించి తెలిసినవాళ్లు తక్కువ. దాన్ని చదివి వినిపించవలసింది మన ఉపాధ్యాయులు, చదువుకున్న యువకులే.

మా గుట్ట పనికి కూడా మేము ముందు గ్రామసభలో తీర్మానం రాయించాం. ఎక్కడ తీస్తాం, ఎలా తీస్తాం, కట్టె ఎవరికి, మొలిచే దుంపలు, గడ్డి ఎవరివి అన్నీ అందులో ఉన్నాయి. ఆ తీర్మానం కాపీ అటవీ సిబ్బందికి ఇచ్చాం. ఆ తరువాత ఊళ్లో అనుమానం తగ్గింది. పని ఊరిది అయింది.

బడి నుంచి మొదలు

ఉపాధ్యాయ మిత్రులకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చివరగా కొన్ని మాటలు. మీ ఊరి దగ్గర ఇంకా బాగున్న ఒక మూల వెతకండి. చెడిన చోటు చూసి దిగులు పడి అక్కడే గొడ్డలి వేయకండి. గ్రామసభలో మాట్లాడి, ముసలివాళ్లలో ఇద్దరినైనా వెంట తీసుకుపోయి, ఆ మూలలో ఉన్న ప్రతి మొక్క పేరు మన భాషలో, తెలుగులో రాయించండి. తరువాతే ఒక పొద తీయండి. తీసిన తేదీ రాయండి. ప్రతి వానాకాలం అక్కడ ఏం మొలిచిందో రాయండి. మూడేళ్లకు ఆ పుస్తకం మీ ఊరి అడవి చరిత్ర అవుతుంది. అది అడవి గురించి మనమే రాసుకున్న చరిత్ర అవుతుంది. రేపు హక్కు అడిగే చోట అది సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

పులికంప అంతా మన తరంలో పోతుందని మేము చెప్పడం లేదు. రెండు వందల ఏళ్లుగా వచ్చింది రెండేళ్లలో పోదు. మా గుట్ట మీద ఇంకా ముప్పాతిక భాగం దాని కిందే ఉంది. అయినా తునికి చెట్టు మూల నుంచి ఏటా పది పన్నెండు అడుగులు ముందుకు జరుగుతున్నాం. పోయిన ఏడాది పాత కాలిబాట కొంత బయటపడింది. దాని మీద నడిచి పిల్లలు ఉసిరి చెట్టు దాకా పోగలుగుతున్నారు. ఈ ఏడాది దుంపలు తవ్విన చోటు దాకా పోవాలని అనుకుంటున్నాం.